హనోయి నుంచి సింగపూర్ దాకా: సైకిలు యాత్ర గురించి మీరడిగిన ప్రశ్నలు

కిందటి సంచికలో నా సైకిలు ప్రయాణం గురించి రాశాక పత్రిక ఆఫీసుకు చాలా ఉత్తరాలు వచ్చాయి. అయిదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కల్లో నా సంగతి: అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో ముప్పైనాలుగేళ్లు పోస్ట్‌మాన్‌గా పనిచేశాను, కాలవ గట్ల మీద సైకిలు మీదే. రిటైరయ్యాక, అరవై రెండో ఏట, 2024 డిసెంబరు 10న హనోయిలో బయలుదేరి 68 రోజులకు సింగపూర్ చేరాను. అందులో తొక్కినవి 47 రోజులు. దూరం 3,400 కిలోమీటర్ల దరిదాపు.

మా ఇంటి గేటు దగ్గర ఎక్కి, విమానం ఎక్కకుండా సింగపూర్‌లో దిగాలని నా కోరిక. మణిపూర్ మీదుగా మయన్మార్, అక్కడి నుంచి థాయిలాండ్. రోజుకు 120 కిలోమీటర్ల చొప్పున లెక్క వేశాను. ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? (27 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ)

బాబూ, నీ కోరికే నాదీ. ఇంటి గుమ్మంలో ఎక్కి పరాయిదేశంలో దిగాలని నేనూ రెండేళ్లు మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. కానీ మన దేశం నుంచి పొరుగుదేశాలు దాటి పైకి పోవడానికి ఈ రోజున సైకిలుకు దారి ఎటూ లేదు. మణిపూర్‌లో మోరే దాటితే అవతల మయన్మార్ ఊరు తమూ. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైనిక తిరుగుబాటు జరిగాక అటువైపు యుద్ధమే నడుస్తోంది. ఆ రోడ్డున సైకిలు వేసుకుని దేశం దాటేయవచ్చని ఎవరు చెప్పినా నమ్మకు. పడమట పాకిస్తాన్ వైపు అటారీ గేటు 2025 ఏప్రిల్‌లో మూసేశారు. ఉత్తరాన నేపాల్ దాకా హాయిగా తొక్కవచ్చు, ఆ పైన టిబెట్‌లోకి ఒంటరిగా పోనివ్వరు. పర్మిట్టు, గైడు, ముందే రాయించుకున్న ప్రయాణం ఉండాలి. సిక్కింలో నాథులా దారి కైలాస యాత్రికులకుంది గానీ మనలాంటి సైకిలువాళ్లకు లేదు.

1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రపంచం చుట్టడానికి బయలుదేరారు. వాళ్ల దారిలోని క్వెట్టా, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నది, అప్పటికి మన దేశంలోదే. అది దాటితే ఇరాన్. ముగ్గురు మాత్రం చుట్టు పూర్తిచేసి 1928 మార్చిలో తిరిగొచ్చారు. నూరేళ్ల కిందట వాళ్లు ఇంటి నుంచి తొక్కుకుంటూ వెళ్లిన దారిన ఇవాళ నువ్వూ నేనూ వెళ్లలేం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అయితే గేట్లు మూసుకుపోవడమే కాదు, తెరుచుకోవడమూ నేను చూశాను. వియత్నాంలో డాంగ్ హోయికీ డాంగ్ హాకీ మధ్య బెన్ హాయి అని చిన్న ఏరుంది, మన కౌశికంత. 1954 తర్వాత రెండు దశాబ్దాలు ఆ ఏరే దేశాన్ని రెండుగా కోసింది. యుద్ధంలో కూలిన పాత వంతెనను అదే రూపంలో మళ్లీ కట్టి ఉంచారు. నేను సైకిలు నడిపించుకుంటూ దాని మీద ఆ ఒడ్డుకు పోయి, మళ్లీ ఈ ఒడ్డుకు వచ్చాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

కాబట్టి విమానం ఎక్కు, అందులో చిన్నతనం ఏమీ లేదు. సైకిళ్ల షాపులో కొత్త సైకిలు వచ్చిన అట్టపెట్టె అడిగితే ఇస్తారు. హ్యాండిల్ పక్కకు తిప్పి, ముందు చక్రం ఊడదీసి, టైర్లలో గాలి తగ్గించి సర్దు. పెడల్స్ తీసేటప్పుడు ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది, అది కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక బలం కొద్దీ బిగించి మర పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో పెట్టకూడదు.

ఇక ఎక్కడ దిగాలి? నీ ప్లాను ఇక్కడే తలకిందులుగా ఉంది. నువ్వు ముందు దూరం కొలిచి తర్వాత తేదీలు వేసుకున్నావు. ముందు గాలి చూడు, తర్వాత సరిహద్దు గేట్లు చూడు, కిలోమీటర్లు చివర. అక్టోబరు నుంచి మార్చి దాకా వియత్నాం తీరాన ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. అంటే ఉత్తరాన హనోయిలో దిగి దక్షిణానికి తొక్కేవాడికి అది వెనకగాలి. అదే దారిన సింగపూర్ నుంచి పైకి తొక్కితే నెలల తరబడి ఎదురుగాలి. ఎదురుగాలిలో ఉత్తరాల సంచితో పది కిలోమీటర్లు తొక్కడమంటే ఏమిటో నాకు తెలుసు. అక్టోబరు, నవంబరుల్లో మధ్య వియత్నాంలో వానలూ వరదలూ ఉంటాయి గనక డిసెంబరు దాకా ఆగాను. జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో వాళ్ల కొత్త సంవత్సరం, తెత్ పండుగ. ఆ వారంలో హోటళ్లు, కొట్లు చాలావరకు మూసేస్తారు, రైళ్లూ బస్సులూ కిక్కిరిసిపోతాయి. 2025లో అది జనవరి 29న పడింది. అప్పటికి వియత్నాం దాటేసి ఉండాలని ముందే లెక్క కట్టుకున్నాను.

గేట్ల సంగతి. వియత్నాం ఈ-వీసా 90 రోజులకు ఇస్తారు, ఏ గేటు నుంచి వస్తావో ఏ గేటు నుంచి పోతావో దరఖాస్తులోనే రాయాలి. నేను డాంగ్ హా దగ్గర పడమటికి తిరిగి 9వ నంబరు రోడ్డు మీద లావో బావో గేటు దాటాను. లావోస్ వీసాకు సరిహద్దులోనే డాలర్లు కట్టాను, నలగని నోట్లు తీసుకెళ్లాలి. అక్కడి నుంచి సవన్నాఖేత్ 240 కిలోమీటర్లు. మెకాంగ్ నది మీది వంతెనపై సైకిలు తొక్కనివ్వరు, బస్సులో వేసుకుని అవతల థాయిలాండ్‌లో ముక్దాహన్‌లో దిగాలి. కంబోడియా మీదుగా వెళ్దామని చాలామంది అనుకుంటారు. థాయిలాండ్‌కూ కంబోడియాకూ 2025లో తగాదా ముదిరి ఆ ఏడాది జూన్‌లో రోడ్డు గేట్లు మూసుకున్నాయి. లావోస్ దారే నయం. థాయిలాండ్, మలేసియా 2025లో మనవాళ్లను వీసా లేకుండా రానిచ్చాయి, కానీ ముందుగా ఆన్‌లైన్‌లో ఆగమన పత్రం నింపాలి. సింగపూర్‌కు వీసా ఉండాల్సిందే, ఇంటి దగ్గరే తీసుకో. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. బయలుదేరే నెలలో ఒకసారి, ప్రతి గేటుకూ వారం ముందు ఒకసారి సరిచూసుకో.

ఇప్పుడు నీ 120 కిలోమీటర్లు. మూడో రోజు నేను థాన్ హోవాలో బయలుదేరాను. వెనక నుంచి గాలి తోస్తోంది, రోడ్డు చాప పరిచినట్టుంది. సగం దూరంలో ఆగాల్సినవాణ్ని, ఆగబుద్ధి కాక విన్ పట్టణం దాకా పోయాను, 140 కిలోమీటర్లు. మర్నాడు పొద్దున్న మంచం దిగితే ఎడమ మోకాలు మడత పడలేదు. మూడు రోజులు అక్కడే. మూడో రోజుకి కుంటుకుంటూ బస్సెక్కి పక్కనే ఉన్న హో చి మిన్ పుట్టిన పల్లె చూసొచ్చాను. తాటాకు ఇల్లు, అరుగు, పెరట్లో కూరపాదులు. మోకాలు నొప్పి పెట్టకపోతే ఆ పల్లె పక్క నుంచే చూడకుండా పోయేవాణ్ని.

మొదటి రెండు వారాలు 60, ఆ తర్వాత 75, నాలుగైదు రోజులకొకసారి పూర్తి విశ్రాంతి. అలా వేసుకుంటే నీ వయసుకి హనోయి–సింగపూర్ రెండు నెలలు. అంత సెలవు దొరక్కపోతే బ్యాంకాక్ నుంచి సింగపూర్ నెల పైచిలుకులో తొక్కు. దారి తగ్గించుకో, విశ్రాంతి రోజులు మాత్రం తగ్గించకు.

నాకు 44 ఏళ్లు. రోజూ స్కూలుకు సైకిలు మీదే వెళ్తాను. థాయిలాండ్‌లో ఒంటరిగా మూడు వారాలు తొక్కాలని ఉంది. ఇంట్లో భయపడుతున్నారు. సామాను ఎంత? రాత్రి బస ఎలా? (టీచరు, సిద్దిపేట)

అమ్మా, ఆడమనిషి ఒంటరిగా తిరిగితే ఎదురయ్యేవి మగవాణ్ని నేను అనుభవంతో చెప్పలేను. ప్రచువాప్ ఖిరీ ఖాన్ దగ్గర సముద్రపు ఒడ్డున నాకు ఒక కొరియా ఆవిడ కలిసింది, మీ వయసే ఉంటుంది, ఒంటరిగా తొక్కుతోంది. రెండు రోజులు ముందూ వెనకా వెళ్లాం. ఆవిడ పద్ధతులు చూసి నేనే నేర్చుకున్నాను. పొద్దున్న ఆరింటికి బయలుదేరేది, మధ్యాహ్నం రెండింటికల్లా బస చూసుకునేది. గది తీసుకునే ముందు తలుపు గడియ స్వయంగా వేసి చూసేది. బస ఎక్కడో దారిలో పలకరించినవాళ్లకు చెప్పేది కాదు, రేపు ఎటు వెళ్తారంటే ఊరి పేరు మార్చి చెప్పేది. చీకటి పడ్డాక తొక్కింది ఒక్క పూట కూడా లేదట.

థాయిలాండ్‌లో చిన్న ఊళ్లలోనూ శుభ్రమైన గదులు దొరుకుతాయి, గుడారం మోయక్కర్లేదు. దక్షిణాన పట్టాని, యాలా, నరాథివాట్ జిల్లాల్లో ఏళ్లుగా బాంబు దాడులు జరుగుతున్నాయి, అటు వెళ్లకండి. హాట్ యాయ్ నుంచి పదాంగ్ బసార్ మీదుగా మలేసియా వెళ్లే దారి పడమటి వైపుంది, నేను వెళ్లింది అదే. కుక్కలు వెంటపడితే దిగి, సైకిలు మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి. నాకు తొంభై పాళ్లు అక్కడికే ఆగిపోయేవి.

సామాను విషయంలో మాత్రం నా మాట గట్టిగా వినండి, ఇది నా వృత్తి. బరువంతా వెనక క్యారియర్ మీద పైకి పేర్చితే సైకిలు తల ఎగరేస్తుంది, మలుపులో తూలుతుంది. బరువైనవి కిందికి, ఇరుసుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా వేలాడాలి. ఎడమ సంచిలో ఎంతో కుడి సంచిలో అంత. నేను కొబ్బరికాయల తూకం ముల్లుకు తగిలించి సరిచూశాను, చెరో అయిదున్నర కిలోలు. రెండు జతల బట్టలు, వానకోటు, పనిముట్లు, మందులు, కందిపొడి సీసా. అంతకంటే మోసినవాళ్లు వారంలో పోస్టులో ఇంటికి పంపించేశారు.

బసలో పాస్‌పోర్టు నమోదుకని తీసుకుంటారు. వియత్నాంలో అయితే తెల్లారేదాకా వాళ్ల దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. ఒకసారి అడగడం మరిచిపోయి బయలుదేరి, పద్దెనిమిది కిలోమీటర్లు వెనక్కి తొక్కాను. ఆ గది తాళంచెవి ఇచ్చి పాస్‌పోర్టు తీసుకునే అలవాటు చేసుకోండి, ఒకటి చేతిలో ఉంటే రెండోది గుర్తొస్తుంది.

మీవాళ్ల భయం గురించి చివరి ఉత్తరానికి రాసిన జవాబు చదివించండి.

మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ ఏం తిని తొక్కాలి? (అనంతపురం)

తినడానికి బాగానే దొరుకుతుంది, రెండు మాటలు నేర్చుకుంటే. వియత్నాంలో ‘చాయ్’ అంటే శాకాహారం, మన టీ కాదు. బోర్డు మీద ‘కోమ్ చాయ్’ అని ఉంటే శాకాహార భోజనం. అమావాస్యకూ పౌర్ణమికీ బౌద్ధులు చాలామంది మాంసం మానేస్తారు, ఆ రెండు రోజుల్లో మామూలు కొట్లలోనూ దొరుకుతుంది. మిగతా రోజుల్లో కూరలో కూడా చేపల పులుసు నీళ్లు, నూక్ మామ్, పడుతుంది, అడగాలి. పొద్దున్నే రోడ్డు పక్కన ‘సోయ్’ అమ్ముతారు, బంక అన్నం మీద ఉడికిన పెసరపప్పు. నువ్వులు, వేరుశనగ గుండ కలిపిన ఉప్పు పైన చల్లించుకుంటే నాకు మా అమ్మ చేసిన నువ్వులపొడి అన్నం జ్ఞాపకం వచ్చేది. థాయిలాండ్‌లో ‘జే’ అనాలి. పసుపుపచ్చ జెండా మీద ఎర్రటి అక్షరాలు చూడటానికి 17 అంకెలా ఉంటాయి. అది కనిపిస్తే మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. లావోస్‌లో 9వ నంబరు రోడ్డు మీదే కష్టపడ్డాను. బుట్టలో బంక అన్నం, అరటిపళ్లు, నా కందిపొడి, నాలుగు రోజులు అంతే.

సంక్రాంతి నాటికి బ్యాంకాక్‌లో ఉన్నాను. అక్కడి సీలోం పేటలో మారియమ్మ గుడిలో తమిళ కుటుంబాలు పొంగలి పెట్టాయి, ఆకులో వేడివేడిగా.

మలేసియాలో మీకు దిగులే లేదు, ఏ చిన్న ఊళ్లోనైనా రోటీ చనాయ్, పప్పు. అక్కడ 5వ నంబరు రోడ్డు పట్టుకుని పెరాక్ సముద్ర తీరానికి రండి. తెలుక్ ఇంతాన్‌లో ఒరిగిన గడియార స్తంభం ఉంది, అది చూశాక బాగన్ డాటు వైపు తిరిగాను. కొంత దూరం పోయేసరికి రెండు పక్కలా కొబ్బరితోటలు, మధ్యలో బోదెలు, బోదెల మీద అడ్డంగా వేసిన దుంగలు. ఇది కోనసీమ కాదని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. తోటపనికి తాతల కాలంలో వెళ్లిన తెలుగువాళ్ల కుటుంబాలు అక్కడున్నాయి. ఒక ఇంటి ముందు మంచినీళ్లడిగాను, మలాయ్‌లో నేర్చుకున్న రెండు ముక్కల్లో. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ నా మొహం చూసి, “ఏ ఊరు బాబూ మనది?” అంది. హనోయి వదిలాక ఎదుటి మనిషి నోట తెలుగు వినడం అదే మొదలు. నేను ఊరి పేరు చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. ఆవిడ మన ఊళ్లేవీ చూసినామె కాదు, అక్కడే పుట్టింది. ‘సైకిలు’ అనలేదు, మలాయ్ మాట ‘బసికల్’ అంది. మిగతాదంతా మా అమ్మమ్మ మాట్లాడినట్టే మాట్లాడింది. ఆ పూట పప్పు, మామిడికాయ పచ్చడి, మజ్జిగ. రాత్రికి వాళ్లింట్లోనే పడుకున్నాను.

ఏ సైకిలు కొనాలి? లక్ష రూపాయలు పెట్టాలా? (తణుకు)

అక్కర్లేదు. ఉక్కు ఫ్రేము, చక్రానికి 36 చువ్వలు, 40 మిల్లీమీటర్లకు తగ్గని టైరు, క్యారియర్ బిగించడానికి రంధ్రాలు. ఇవి చూసుకోండి, రంగు ఎలా ఉన్నా పర్వాలేదు. ట్యూబుకు మోటారుసైకిలు రకం వాల్వు ఉంటే మంచిది. వియత్నాంలో ‘సువా సే’ అని బోర్డున్న పంచరు కొట్టు ప్రతి పల్లెలో ఉంటుంది, గాలి కొట్టి పంపేస్తారు. సన్న వాల్వు అయితే ఆ గాలిగొట్టం పట్టదు. రెండు ట్యూబులు, నాలుగు చువ్వలు, ఒక గొలుసు లింకు, బ్రేకు తీగ వెంట ఉండాలి. చక్రం విప్పి, పంచరు వేసి, మళ్లీ ఎక్కించడం ఇంటి దగ్గర పదిసార్లు చేయండి.

మా అబ్బాయికి 24 ఏళ్లు. ఉద్యోగం మానేసి అల్మాటీ నుంచి ఇస్తాంబుల్ దాకా సైకిలు మీద వెళ్తానంటున్నాడు. పామీర్ కొండలట. వాళ్లమ్మ అన్నం తినడం లేదు. ఆపమంటారా? (ప్రొద్దుటూరు)

అయ్యా, ఆపమని నేను చెప్పలేను. కానీ వాణ్ని కాగితం రాయమనండి. నోటి మాట వద్దు, కాగితం.

అల్మాటీ విమానంలో చేరవచ్చు, కజకిస్తాన్ మనవాళ్లకు 14 రోజులు వీసా అడగదు. అక్కడి నుంచి కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కేక్ దగ్గరే. ఆ తర్వాత అదే దేశంలోని ఓష్, అక్కడి నుంచి తాజికిస్తాన్‌లోకి పామీర్ రహదారి. కిర్గిజ్–తాజిక్ సరిహద్దు 2021 ఘర్షణలప్పుడు మూసుకుపోయి 2025 మార్చి ఒప్పందంతో మళ్లీ తెరుచుకుంది. కొండ మీది కిజిల్-ఆర్ట్ గేటు విదేశీయులకు తెరిచి ఉందో లేదో వాడు విడిగా కనుక్కోవాలి. తాజిక్ వీసాతో పాటు పామీర్ కొండలున్న గోర్నో-బదక్షాన్ ప్రాంతానికి విడిగా పర్మిట్టు ఉండాలి. అక్-బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. ప్రొద్దుటూరు ఎండల్లో పెరిగిన పిల్లవాడు మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడక రోజుకు నాలుగైదు వందల మీటర్లకు మించి పైకి జరపకూడదు. తలనొప్పి, వాంతులు వస్తే ఎక్కడం ఆపాలి, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి, మరునాటికి వాయిదా వేయకుండా. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకానే ఆ దారి. ఇక కాస్పియన్ సముద్రం ఓడలో దాటి బాకూ చేరతానంటాడు, అజర్‌బైజాన్ 2020లో మూసిన భూ, సముద్ర సరిహద్దులను ఏళ్ల తరబడి పొడిగిస్తూ వస్తోంది. అక్కడ ఇంకో విమానం పడుతుంది, ఆ ఖర్చు వాడి లెక్కలో ఉందా అడగండి. కొండ మీంచి దించి తెచ్చే ఖర్చు కూడా భరించే బీమా తీసుకున్నాడా అడగండి. వీటికి జవాబులు చెప్పగలిగితే వాడు సగం దారి తొక్కినట్టే. చెప్పలేకపోతే ఏడాది ఆగమనండి.

వాళ్లమ్మగారికి. నేను బయలుదేరే ముందు ఒక పొడుగు కాగితం మీద ఏ తేదీ ఏ ఊరో రాసి వంటింటి గోడకు అంటించాను, మా ఆవిడ రోజూ ఒకటి కొట్టేసేది. రాత్రి ఏడింటికి ఫోను చేయాలని మాట. లావోస్‌లో రెండో రోజు సిగ్నలు లేదు. ఆవిడ తెల్లవార్లూ ఆ గోడ ముందు కుర్చీలో కూర్చుందని తర్వాత మా కోడలు చెప్పింది. ఆ రాత్రి నేను ఒక కొట్టు అరుగు మీద దోమతెరలో సుఖంగా నిద్రపోయాను. అది విన్నాక ఆవిడకు ఫోనులో ఏం చెప్పాలో తోచలేదు. ఆనాటి నుంచి నియమం మార్చాం. సిగ్నలు పోయే దారి అయితే ఒక రోజు ముందే, “రేపూ ఎల్లుండీ ఫోను రాదు, ఫలానా తేదీ సాయంత్రం దాకా దిగులు పడొద్దు” అని చెప్పేయడం. ఆ గడువు కూడా దాటితే ఎవరికి ఫోను చేయాలో, పాస్‌పోర్టు నంబరు, బీమా నంబరు, ఆ దేశంలో మన రాయబార కార్యాలయం నంబరు, అన్నీ కాగితం అడుగున. ఆ తర్వాత ఆవిడ నిద్రపోయింది.

పామీర్‌లో మూడు నాలుగు రోజులు ఫోను రాని చోట్లున్నాయి. మీవాడు ఆ కాగితం వాళ్లమ్మ పక్కన కూర్చుని, ఆమె చేత్తోనే రాయించాలి. రాసింది నాకూ ఒక నకలు పత్రిక చిరునామాకు పంపించండి. అక్-బైతాల్ ఏ వారంలో దాటుతున్నాడో, ఆ దారిలోని ముర్గాబ్ ఊళ్లో ఎన్ని రోజులు ఖాళీ ఉంచుకున్నాడో చూసి, మార్చాల్సింది ఉంటే అంచున పెన్సిలుతో రాసి తిప్పి పంపుతాను.